మీ వీధిలో ఋతువులను గమనించడం ఎలా: ఏడాది పొడవునా పనికొచ్చే సమగ్ర మార్గదర్శి

సిటీలో ప్రకృతి ఏముంటుంది, చూడాలంటే అరకో నల్లమలో వెళ్ళాలి కదా అనే మాట తరచూ వింటుంటాను. నేను ఉండేది హైదరాబాద్‌లో, తార్నాక దగ్గర ఒక మామూలు వీధిలో. అపార్ట్‌మెంట్లు, కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, మూల మీద ట్రాన్స్‌ఫార్మర్. ఈ వీధిలోనే ఫిబ్రవరిలో కానుగ ఆకు రాల్చి చిగురు తొడుగుతుంది, మార్చిలో వేప పూస్తుంది, మేలో తురాయి ఎర్రబడుతుంది, తొలకరికి ఉసుళ్ళు లేస్తాయి, అక్టోబర్ రాత్రుల్లో ఆకాశమల్లె గుప్పుమంటుంది. ఇదంతా చూడటానికి ఖర్చు లేదు, ప్రయాణం లేదు. కాస్త అలవాటు కావాలి, అంతే.

నేను నమ్మే పద్ధతి ఒక్కటే. ఎక్కువ చోట్లు తిరగొద్దు. ఒక చిన్న చుట్టు ఎంచుకుని, ఏడాదంతా అదే చుట్టు తిరగండి. నెలకో కొత్త పార్కుకి వెళ్తే చెట్లు చాలా చూస్తాం గానీ, ఒక చెట్టు నిన్నటికీ ఇవాళ్టికీ ఎలా మారిందో తెలియదు. రోజూ చూసే చెట్టు దగ్గరే అది తెలుస్తుంది. కింద చెప్పే నెలలు హైదరాబాద్‌వి. విజయవాడలోనో విశాఖలోనో ఉంటే ఒకటి రెండు వారాలు అటూ ఇటూ అవుతాయి, కొన్ని చెట్లు మారతాయి. పద్ధతి మాత్రం ఎక్కడైనా ఇదే.

1. ముందు ఒక చుట్టు ఖాయం చేసుకోండి

పదిహేను నిమిషాల్లో నడిచి ఇంటికి తిరిగొచ్చేంత దూరం చాలు. పాల ప్యాకెట్ కోసమో, పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించడానికో మీరు ఎలాగూ నడిచే దారే అయితే మరీ మంచిది. దీనికోసం ప్రత్యేకంగా టైమ్ కేటాయించాలనుకుంటే రెండో వారానికే ఆగిపోతుంది.

ఆ దారిలో మూడు ఉండేలా చూసుకోండి: ఒక పెద్ద చెట్టు, పూల మొక్కలున్న ఒక ఇల్లో గుడో, ఒక ఖాళీ ప్లాటు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఖాళీ ప్లాటు అనగానే పిచ్చిమొక్కలు, చెత్త అని ముఖం తిప్పుకుంటాం. కానీ వానాకాలంలో మన పేటలో దొరికే పూలలో, పురుగుల్లో ఎక్కువ భాగం ఉండేది అక్కడే. ఖాళీ ప్లాటు లేకపోతే, ఎవరూ గడ్డి పీకని గోడ వార అయినా ఫరవాలేదు.

వెళ్ళేటప్పుడు రోడ్డుకి ఒక పక్కన, వచ్చేటప్పుడు రెండో పక్కన నడవండి. ఒకే చెట్టు రెండు వైపుల నుంచి వేరుగా ఉంటుంది. ఎండ పడే వైపు కొమ్మలు ముందు పూయడం లాంటివి మీకే కనపడతాయి.

బయటికి వెళ్ళలేని వాళ్ళు, పెద్దవాళ్ళు, పసిపిల్లల తల్లులు చుట్టు లేదని వదిలేయొద్దు. కిటికీలోంచి కనపడే ఒక్క చెట్టు చాలు, కింద చెప్పినవన్నీ దానితోనే చేయొచ్చు.

2. ఐదు చెట్లకు మించి మొదట పెట్టుకోవద్దు

దారిలో ఉన్న ప్రతి చెట్టు పేరూ నేర్చేసుకోవాలనే ఉత్సాహం మొదట్లో అందరికీ ఉంటుంది. ఆ పని చేయొద్దు. ఐదు చెట్లు ఎంచుకోండి. వాటి స్వభావాలు వేరువేరుగా ఉంటే ఏడాదంతా ఏదో ఒకటి పని పెడుతుంది. హైదరాబాద్ వీధులకైతే నేను వేప, కానుగ, తురాయి, రావి, బాదం సూచిస్తాను. దాదాపు ప్రతి పేటలోనూ దొరుకుతాయి.

ప్రతి చెట్టులోనూ చూడాల్సినవి ఇవి: ఆకు రాలుతోందా, చిగురు వచ్చిందా, ముదిరిందా, మొగ్గ కట్టిందా, పూత విచ్చిందా, పిందె పడిందా, కాయ ముదిరిందా, పండిందా. ఒక్కోదానికి "లేదు", "కొద్దిగా", "బాగా" అనే మూడు మాటల్లో ఒకటి రాసుకుంటే చాలు. దేశమంతటా వాలంటీర్లతో చెట్లను గమనింపజేసే సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో కూడా ఇంచుమించు ఇలాగే చేస్తారు. ఒక చెట్టును ఎంచుకుని, వారం వారం దాని ఆకు, పువ్వు, కాయ ఎంత ఉందో నమోదు చేస్తారు. స్కూలు పిల్లలు కూడా ఇందులో పాల్గొంటారు.

3. చూపు నేల మీద నుంచి పైకి

చెట్టు దగ్గర ఆగగానే తలెత్తి చూస్తాం. నా సలహా, ముందు కిందికి చూడండి. పైన ముప్పై అడుగుల ఎత్తులో పూసింది కంటికి ఆనకపోవచ్చు, కింద రాలింది మాత్రం అబద్ధం చెప్పదు. తర్వాత కాండం, ఆ తర్వాతే కొమ్మలు.

కానుగనే తీసుకుందాం. ఏప్రిల్లో ఒక ఉదయం, ఊడవక ముందే వెళ్ళండి. చెట్టు కింద పేలాలు చల్లినట్టు ఉంటుంది. వంగి ఒకటి చేతిలోకి తీసుకుంటే చిక్కుడు పువ్వు ఆకారంలో చిన్న పువ్వు, తెలుపులో లేత ఊదా కలిసి ఉంటుంది. దాన్ని పట్టి ఉంచిన తొడిమ దగ్గరి గిన్నె ముదురు గోధుమ రంగు. కొన్ని విచ్చుకున్న పూలు, కొన్ని విచ్చకుండానే రాలిన మొగ్గలు. ఇప్పుడు నిలబడి చెవి పెట్టండి. పైన తేనెటీగల రొద వినపడుతుంది. నల్లగా మెరిసే పెద్ద తుమ్మెదలు పువ్వు మీద వాలితే గుత్తి మొత్తం కిందికి వంగుతుంది.

తర్వాత అందే కొమ్మ ఒకటి చూడండి. లేతాకు నూనె రాసినట్టు మెరుస్తుంది. ముదురాకుల మీద వేలి కొనల్లాంటి చిన్న చిన్న బుడిపెలు కనపడితే అది రోగమని కంగారు పడక్కర్లేదు. కంటికి ఆనని నల్లి లాంటి జీవులు ఆకులో చేరితే, ఆకు వాటి చుట్టూ అలా ఉబ్బుతుంది. కొన్ని ఆకుల మీద తెల్లటి వంకర గీతలు ఉంటాయి. ఆకు పొరల మధ్య తింటూ పోయిన పురుగు దారి అది. గీత ఒక చివర సన్నగా మొదలై పోనుపోను లావవుతుంది, ఎందుకంటే తింటూ పోయేకొద్దీ పురుగు పెరిగింది. ఒక ఆకులో ఒక పురుగు బాల్యమంతా రాసి ఉంటుంది.

కానుగ కాయ పండటానికి మరుసటి ఏడాది మొదలు దాకా పడుతుంది. అంటే చిగురు, కొత్త పూత వచ్చే రోజుల్లో పాత కాయలు ఇంకా వేలాడుతూ ఉండొచ్చు. రెండు ఏడాదులు ఒకే కొమ్మ మీద కనపడటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

4. ఏడాదిలో ఎప్పుడు ఏం చూడాలి

*జనవరి చివరి నుంచి మార్చి దాకా.* మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి సమయం లేదు, ఎందుకంటే మార్పు చాలా వేగంగా ఉంటుంది. ఇళ్ళ కాంపౌండుల్లో మామిడి పూత వాసన వస్తుంది. బాదం ఆకులు ఎర్రబడి ఒక్కొక్కటే రాలతాయి. రావి ఆకు రాల్చి, రాగి రంగు చిగురు వేస్తుంది. ఆ చిగురు పచ్చబడటానికి ఎన్నాళ్ళు పడుతుందో మీ చెట్టు దగ్గరే లెక్క పెట్టి చూడండి. కొన్ని రోడ్లలో టబేబుయా చెట్లు ఒక్క ఆకు లేకుండా గులాబీ రంగు పూలతో నిండిపోతాయి. ఇవి మధ్య, దక్షిణ అమెరికా నుంచి వచ్చినవి. బూరుగు చెట్టు మీ దగ్గర్లో ఉంటే అదృష్టమే. అరచేతంత ఉండే ఎర్ర పూలలో తేనె కోసం గోరింకలు, కాకులు, ఉడుతలు, తేనెపిట్టలు పొద్దుటే చేరతాయి. చలికాలపు వలస పక్షులైన గులాబి గోరింకలు ఉంటే గుంపుగా దిగుతాయి. ఊరి బయటకు వెళ్ళే దారుల్లో మోదుగ పూస్తుంది, హోలీ రంగుకి వాడే పువ్వు ఇదే.

వేప పూత మార్చిలో మొదలై ఏప్రిల్లో సాగుతుంది. ఉగాది పచ్చడికి కావాలి కాబట్టి ఆ ఒక్క పూతనైనా అందరం వెతుకుతాం. అయితే పండుగ చంద్రుణ్ణి బట్టి వస్తుంది, చెట్టు ఎండనీ నేల తడినీ బట్టి పూస్తుంది. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. మూడు వారాల తేడా. ఒక ఏడాది పచ్చడికి పూత దండిగా దొరికి, ఇంకో ఏడాది మొగ్గల దశలోనే ఉండటానికి కారణం ఇదే కావచ్చు. మీ వీధి వేప ఏ తేదీన పూసిందో రాసుకుంటే మూడు నాలుగేళ్ళలో మీకే తెలుస్తుంది.

*ఏప్రిల్, మే.* ఎండకు భయపడి బయటికి రాని ఈ రెండు నెలల్లోనే సిటీలో చెట్లు ఎక్కువ పూస్తాయి. రేల చెట్టు పసుపు గుత్తులు వేలాడేస్తుంది. కిందటేటి కాయలు నల్లటి కర్రల్లా ఆ గుత్తుల మధ్యే ఉంటాయి. పచ్చ తురాయి, ఎర్ర తురాయి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఎర్ర తురాయి, అంటే గుల్‌మొహర్, మడగాస్కర్ నుంచి వచ్చింది. రాలిన పువ్వును తీసి రేకులు లెక్క పెట్టండి. ఐదుంటాయి, నాలుగు ఎరుపు, ఐదోది మాత్రం తెల్లగా, దాని మీద ఎర్రటి చారలు, చుక్కలు. చిన్నప్పుడు దీని కేసరాలతో కోళ్ళ పందెం ఆడినవాళ్ళు కూడా చాలామంది ఆ ఐదో రేకును గమనించి ఉండరు. పిల్లలకి ఆ ఆట తప్పకుండా నేర్పండి. కేసరం తల ఊడినవాడు ఓడిపోయినట్టు.

చింత చిగురు మార్కెట్లోకి వచ్చేదీ ఈ రోజుల్లోనే. పప్పులో వేసుకునే ముందు, అది ఏ చెట్టుదో, మీ పేటలో చింత ఎక్కడుందో వెతకండి. దిరిసెన పూలు పొడి కుచ్చుల్లా, లేత పసుపుతో మంచి వాసన వేస్తాయి. కోకిల తెల్లారకముందే మొదలుపెడుతుంది. నల్లగా ఉండి కూసేది మగది. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, దాని అరుపు కిక్కిక్కిక్ అని గరుగ్గా ఉంటుంది. ఆ అరుపు వినపడిన చెట్టు చుట్టుపక్కల కాకి గూడు ఉందేమో చూడండి, కోకిల గుడ్లు పెట్టేది అందులోనే. మధ్యాహ్నం ఎక్కడి నుంచో టుక్, టుక్, టుక్ మని ఆగకుండా సుత్తి దెబ్బల్లా వినపడితే అది కంసాలి పిట్ట. ఆకుపచ్చగా, పిచ్చుకంత ఉంటుంది. వినడం తేలిక, చూడటం కష్టం. ఎండిన కొమ్మ చివర వెతకండి.

*జూన్ నుంచి ఆగస్టు దాకా.* రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత నిజమనిపించే రోజులు దాటి, మృగశిర రాగానే మొదటి వాన కోసం ఎదురుచూడండి. వాన పడిన సాయంత్రం వీధి దీపం కింద ఉసుళ్ళు గుంపులుగా లేస్తాయి, పొద్దున్నకల్లా నేలంతా రెక్కలే మిగులుతాయి. ఖాళీ ప్లాటు మట్టిలో మెత్తటి ఎర్ర మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు కనపడొచ్చు. సిమెంటు పరిచిన చోట ఇవి రావు. మీ పిల్లలు వీటిని ఎప్పుడూ చూడలేదంటే దగ్గర్లో మట్టి నేల ఎక్కడ మిగిలిందో వెతుక్కుంటూ వెళ్ళాల్సిందే, ఆ వెతుకులాట కూడా ఈ పనిలో భాగమే.

జూన్‌లో నేరేడు చెట్టు కింద ఫుట్‌పాత్ ఊదా రంగు అవుతుంది. వేప పండ్లు పసుపుగా రాలతాయి. పక్షులు తిని పడేసిన గింజల వల్ల కరెంటు తీగల కింద, గోడల వెంట వేప మొలకలు లేస్తాయి. కుండీల్లో వాన లిల్లీలు ఆకు కూడా సరిగా లేకుండా వాన వెలిసిన రెండు మూడు రోజులకు పూస్తాయి.

*సెప్టెంబర్, అక్టోబర్.* తెలంగాణలో దీన్ని మించిన పూల కాలం లేదు. బతుకమ్మకు ముఖ్యమైన పూలు తోటల్లో పెంచిన గొప్ప జాతులు కావు. గునుగు, తంగేడు, కట్ల పూలు చేల గట్ల మీద, ఖాళీ స్థలాల్లో వాటంతటవే వచ్చేవి. మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో ముగిసే ఈ పండుగకు ముందు, మార్కెట్లో కొనేలోపు, మీ చుట్టులో గునుగు ఎక్కడైనా ఉందేమో చూడండి. తెల్లటి కంకి, చివర లేత గులాబీ రంగు. తాంబాళంలో కనపడే నీలం, ఎరుపు, ఆకుపచ్చ గునుగంతా రంగులో ముంచినదే. తంగేడు 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పుష్పం. కాలేజీ క్యాంపస్‌లలో, రైలు పట్టాల వెంట, రాతి గుట్టల మీద ఇంకా మిగిలి ఉంది. ఈ గుట్టల మీదే సీతాఫలం కూడా కాస్తుంది.

పారిజాతం రాలేదీ ఇప్పుడే. రాత్రి విచ్చి, తెల్లవారకముందే రాలిపోతుంది. ఏడు గంటలకు వెళ్తే వాడిన పూలే ఉంటాయి, ఐదున్నరకు వెళ్ళాలి.

*నవంబర్ నుంచి జనవరి దాకా.* ఆకాశమల్లె, ఏడాకుల పాల అక్టోబర్ నుంచే మొదలుపెడతాయి. రెండింటి వాసనా రాత్రిపూటే. ఆకాశమల్లె పొడుగాటి తెల్లటి గొట్టాలు పొద్దున్నే కింద పరుచుకుని ఉంటాయి. ఆ కాడలను సూదీ దారం లేకుండా జడలా అల్లుకోవచ్చు. ఏడాకుల పాల వాసన కొందరికి ఇష్టం, కొందరికి తలనొప్పి. నేను ఆ చెట్టును వీధికి రెండు మించి నాటకూడదనే అంటాను. ఇళ్ళలో చామంతి, బంతి, డిసెంబరాలు. సంక్రాంతి నాటికి రేగుపళ్ళు. ఎండిన దిరిసెన కాయలు గాలికి గలగలమంటాయి.

5. గడియారం పెట్టుకుని చూడాల్సినవి

కొన్ని ఏ నెల అన్నదానికన్నా ఏ వేళ అన్నది ముఖ్యం. వారంలో ఒక రోజు మీ చుట్టును సాయంత్రానికి మార్చండి. చంద్రకాంత మొక్క నాలుగు గంటల ప్రాంతంలో విచ్చుతుంది. మొగ్గగా ఉన్నప్పుడే దగ్గర కూర్చోండి, టీ తాగేలోపు విచ్చడం కనపడుతుంది. నిద్రగన్నేరు పెద్ద చెట్టు. దాని ఆకులు పొద్దు వాలగానే ముడుచుకుంటాయి, మబ్బు కమ్మినా ముడుచుకుంటాయి. సూర్యాస్తమయం వేళ చిలుకలు, గోరింకలు ఏ చెట్టు మీదకు చేరుతున్నాయో చూడండి, రోజూ అదే చెట్టు. చీకటి పడ్డాక బాదం చెట్టు కింద టప్ మని కాయలు పడుతుంటే పైన గబ్బిలాలు తింటున్నాయని అర్థం. పొద్దున్నే ఆ కాయల మీద పళ్ళ గాట్లు వెతకండి.

6. గోడ వారనీ కరివేపాకు కుండీనీ వదలొద్దు

ఖాళీ ప్లాటులో వానాకాలం తర్వాత ఒక చదరపు గజం స్థలం ఎంచుకుని కింద కూర్చోండి. గడ్డిచామంతి, తుమ్మి, ఉత్తరేణి, రెడ్డివారి నానబాలు, నేల ఉసిరి, కుప్పింటాకు, అత్తిపత్తి ఇంచుమించు ప్రతిచోటా ఉంటాయి. తుమ్మి పువ్వు తెల్లటి చిన్న పెదవి లాంటిది, దానిలోకి తేనెటీగ ఎలా తల దూరుస్తుందో చూడండి. ఇంట్లో అమ్మమ్మ ఉంటే ఈ మొక్కలన్నిటి పేర్లూ చెప్పించుకోండి. ఏ యాప్ కన్నా ఆమెకు ఎక్కువ తెలుసు, పైగా ఏది కూర వండుకోవచ్చో, ఏది గాయానికి రాసేవారో కూడా చెబుతుంది.

జిల్లేడు కనపడితే ఆకులు తిప్పి చూడండి. నలుపు, తెలుపు, పసుపు పట్టీలున్న గొంగళి పురుగు ఉంటే, అది నారింజ రంగు రెక్కల సీతాకోకచిలుక పిల్ల. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకోవడం వల్ల పక్షులు దాన్ని తినవు.

అన్నిటికన్నా తేలికగా, ఇంట్లోనే చూడగలిగేది కరివేపాకు మొక్క. లేత ఆకు మీద ఆవగింజ కన్నా చిన్న లేత పసుపు గుడ్డు ఒక్కటే ఉంటుంది. కొద్ది రోజులకు పక్షి రెట్టలా కనపడే గోధుమ, తెలుపు పురుగు. కావాలనే అలా ఉంటుంది, రెట్ట అనుకుని పక్షులు చాలావరకు ముట్టుకోవు. రెండు వారాల్లో అదే పురుగు ఆకుపచ్చగా లావవుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండు నారింజ రంగు కొమ్ములు బయటికొచ్చి ఘాటైన వాసన వస్తుంది. తర్వాత ఒక పుల్లకు నడుముకి దారం కట్టుకున్నట్టు వేలాడి ప్యూపా అవుతుంది. అందులోంచి నిమ్మ సీతాకోకచిలుక వస్తుంది. నాలుగు రెబ్బలు కరివేపాకు పోతాయి. ఆ నాలుగు రెబ్బలనూ దానికి వదిలేయండి, మందు కొట్టొద్దు.

7. పేర్లు నేర్చుకునే పద్ధతి

ముందు మనుషుల్ని అడగండి. ఊడ్చే అక్క, వాచ్‌మన్, పూజకు పూలు కోసుకునే పెద్దావిడ, కూరగాయల బండి ఆయన. వాళ్ళలో చాలామంది ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, "అన్నా, దీన్ని మీ వైపు ఏమంటారు?" అంటే ఇష్టంగా చెబుతారు. పూలమ్మే ఆవిడ బుట్ట కూడా ఒక క్యాలెండరే. మల్లెలు మార్చిలో ఖరీదుగా మొదలై, ఎండ ముదిరాక చవకై, వానలకు తగ్గిపోతాయి. వీలుంటే ఒకసారి తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్ళండి, ఏ కాలంలో ఏ పువ్వు వస్తుందో కుప్పలు కుప్పలుగా కనపడుతుంది.

ఆ తర్వాత యాప్‌లు. మొక్కలకి, పురుగులకి ఐనాచురలిస్ట్ మంచిది. మీ ఫొటోను తెలిసినవాళ్ళు చూసి సరిదిద్దుతారు. పక్షి గొంతు పట్టుకోవడానికి మెర్లిన్. పువ్వు ఒక్కటే ఫొటో తీస్తే యాప్ తప్పు చెప్పే అవకాశం ఎక్కువ, కాబట్టి ఆకు, బెరడు, కాయ, మొత్తం చెట్టు ఆకారం కూడా తీయండి.

ఒక పేరు రెండు చెట్లకు ఉంటుందని గుర్తుంచుకోండి. అపార్ట్‌మెంట్ గోడల వెంట నిటారుగా సన్నగా పెంచే చెట్టును అందరూ అశోక అంటారు. అది నరమామిడి. పూలు లేత ఆకుపచ్చగా ఉంటాయి, ఆకుల మధ్య ఉన్నట్టే తెలియవు. అసలు అశోక వేరు, నారింజ, ఎరుపు గుత్తులు కొమ్మలకే అతుక్కుని పూస్తాయి.

8. రాసుకోవడం

జేబులో పట్టే చిన్న పుస్తకం కొనండి. ఫోన్లో రాసుకున్నా సరే, కానీ ఏడాది తర్వాత తిరగేయడానికి పుస్తకమే సులువు. ఒక రోజు రాత ఇంతే ఉండొచ్చు:

"ఫిబ్రవరి 20. ఉదయం 6:40. మూల మీది కానుగ: ఆకు సగం రాలింది, చిగురు కొద్దిగా, పూత లేదు. కింద పాత కాయలు. గుడి రావి: చిగురు బాగా, రాగి రంగు. మబ్బు లేదు."

తేదీ పక్కన కార్తె కూడా రాయండి. గోడ క్యాలెండర్‌లో ఉంటుంది. పండుగల తేదీలు ఏటా అటూ ఇటూ మారతాయి గానీ కార్తెలు సూర్యుణ్ణి బట్టి వస్తాయి కాబట్టి, ఏటా దాదాపు అదే ఇంగ్లీషు తేదీకి వస్తాయి. మృగశిర జూన్ 7, 8 ప్రాంతంలో, ఆరుద్ర 21, 22 ప్రాంతంలో. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. రైతులు వీటితో వాన, విత్తు లెక్క వేసుకుంటారు. మన వీధి చెట్టుకీ అదే కొలత పనికొస్తుంది: "కిందటేడు తురాయి కృత్తికలో విచ్చింది, ఈసారి భరణిలోనే విచ్చింది" అని పోల్చుకోవచ్చు.

"చూశాను, ఏమీ లేదు" అన్నది కూడా రాయండి. పూత మొదలైన రోజు తెలియాలంటే, దాని ముందు వారం పూత లేదని రాసి ఉండాలి. నెలకోసారి ఒకే చోట నిలబడి ఒకే చెట్టును ఫొటో తీయండి. నిలబడే చోటు మారకుండా ఏదైనా స్తంభమో గేటో గుర్తు పెట్టుకోండి.

9. జాగ్రత్తలు

గన్నేరు, ఉమ్మెత్త అన్ని భాగాలూ విషమే, పిల్లల చేతికి ఇవ్వొద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. వయ్యారిభామ తగిలితే కొందరికి దురద, ఆయాసం. వానాకాలం ఖాళీ ప్లాటులోకి బూట్లు లేకుండా అడుగు పెట్టొద్దు. గూడు కనపడితే దూరం నుంచే చూడండి. మనం మాటిమాటికీ వెళ్తే పిట్టలు వదిలేస్తాయి, కాకులకు దారి చూపినట్టూ అవుతుంది. గూడు ఉన్న చోటు సోషల్ మీడియాలో పెట్టకండి. పూలు రాలినవే ఏరుకోండి. ఎవరింటి చెట్టు కిందైనా ఫొటో తీసేముందు ఒక మాట అడగండి, లేకపోతే అనుమానంగా చూస్తారు. అడిగితే పరిచయం కూడా అవుతుంది.

10. చెట్టుకు ఇబ్బంది వచ్చినప్పుడు

ఏడాది గమనించాక ఆరోగ్యమైన చెట్టుకీ కాని చెట్టుకీ తేడా తెలుస్తుంది. 2021లో తెలంగాణ అంతటా వేపలు కొమ్మల చివర్ల నుంచి ఎండిపోతే జనం చచ్చిపోయాయనే అనుకున్నారు. అది శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు. వానాకాలంలో మొదలై, ఆ కాలం చివర, చలికాలం మొదట్లో ముదురుతుంది, ఎండాకాలం ముందు చాలా చెట్లు మళ్ళీ చిగురిస్తాయి. అందుకే ఎండిందని వెంటనే కొట్టించకుండా ఒక వసంతం ఆగి చూడమని చెప్పండి. మీ పుస్తకంలో కిందటేటి చిగురు తేదీ ఉంటే ఆ మాటకు బలం ఉంటుంది.

చెట్టు కొట్టేయాలంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి ఉండాలి. ఎవరైనా గొడ్డలితో వస్తే ముందు ఆ కాగితం అడగండి. ఇంకో తరచూ కనపడే సమస్య, ఫుట్‌పాత్ వేసేటప్పుడు కాండం మొదలు దాకా సిమెంటు పోయడం. వేళ్ళకు నీరూ గాలీ అందదు, పెద్ద గాలికి చెట్టు కూలుతుంది. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. మీ చెట్టుకీ అంత చోటు కావాలని మున్సిపాలిటీకి ఫొటోతో రాయండి, అపార్ట్‌మెంట్ లోపలి చెట్టయితే అసోసియేషన్ మీటింగ్‌లో లేవనెత్తండి. పగలగొట్టిన చోట ఎర్రమట్టి నింపి, రాలిన ఆకులు పైన పరిచి, మొదటి ఎండాకాలం వారానికి రెండుసార్లు నీళ్ళు పోయించండి.